నిలువెత్తు బంగారం, పీకల్లోతు అప్పు

మాఘశుద్ధ పౌర్ణమి సమీపించినంతనే, రెండేండ్లకొకమారు, మేడారపు అడవి జనసముద్రమగును. జంపన్నవాగున మునిగి తడిబట్టలతోనే సమ్మక్క సారలమ్మల గద్దెల వైపు సాగిపోవు ఆ ప్రవాహపు అంచున, బెల్లపు అంగళ్ల యెదుట కాంటాలు వ్రేలాడుచుండును. బెల్లమును అచ్చట బెల్లమనరు, బంగారమందురు. మ్రొక్కుకొన్నవారిని ఒక తట్టలో కూర్చుండబెట్టి, రెండవ తట్టలో వారి యెత్తు బంగారమును పేర్చి, రెండును సరితూగుదాక దిమ్మలు వేయుచు, తీయుచు నుందురు. నేనట్టి కాంటా చెంత నిలిచియుండగా పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడొకడు సిగ్గుపడుచు వచ్చి అందులో కూర్చుండెను. ‘ఇంజినీరింగ్‌ల సీటొస్తే నిలువెత్తు బంగారం ఇస్తమని మొక్కుకున్నం సారూ. వచ్చింది, కెమికలట’ అని తండ్రి నాతో చెప్పెనేగాని, ఆయన కన్ను మాత్రము తట్టను విడువలేదు.

‘ఫీజు ఎట్ల గడుతున్నవన్నా?’ అని అడిగితిని. సర్కారు ఇచ్చు 35,000 పోను, మిగిలిన రుసుమును హాస్టలు ఖర్చును కలిపి ఏటా లక్షా పాతికవేల దాక అగుచున్నదనియు, దానిని ‘రెండు రూపాయల వడ్డీకి’ తెచ్చుచున్నాననియు ఆయన చెప్పెను. బెల్లపు తూకమున వీసమెత్తు తేడాను సహింపని ఆ తండ్రి, అప్పు తూకమును అప్పిచ్చినవాని నోటికే విడిచిపెట్టెనని తెలిసి నా మనస్సు కలుక్కుమన్నది.

కెమికల్ ఇంజినీరింగ్ అనగానే గాజు గొట్టములు, రంగు నీళ్లు తలపునకు వచ్చుట సహజమే గాని, ఆ చదువు ప్రయోగశాలలో ఆగునది కాదు. గ్లాసెడు ద్రవములో జరిగిన చర్యను వేల లీటర్ల రియాక్టరులో, మంట పుట్టకుండ, సరుకు చెడకుండ, ఖర్చు పెరుగకుండ జరిపించు నేర్పు అది. అందలి తొలి పాఠములలో ఒకటి పదార్థపు జమాఖర్చు: లోపలికి పోయిన ప్రతి కిలోయు బయటికి రావలెను, లేదా లోపలనే మిగిలియుండవలెను, లెక్క కుదరనిచో ఎచ్చటనో కారుచున్నదని అర్థము. కొడుకు కళాశాలలో నేర్వబోవు ఈ పాఠమును తండ్రి ముందుగా ఇంటి లెక్కలో ప్రయోగించి చూచుకొనవలెనని నా మనవి.

ఈ చదువునకు కొలువులెట్టివో తెలిసికొనుటకు మేడారమువారు హైదరాబాదు దాక పోనక్కరలేదు. పొరుగుననే, మంగపేట మండలపు కమలాపురములో, మొదట ఏ.పి. రేయాన్స్ అనియు పిమ్మట బిల్ట్ అనియు జనులు పిలిచిన కర్మాగారముండెను. కలప ముక్కలను పెద్ద డైజెస్టర్లలో క్షారములతో, ఆవిరి పీడనముతో ఉడికించి, కలపను బిగించియుంచు లిగ్నిన్‌ను కరగించి, తెల్లగా శుద్ధిచేసి, రేయాన్ దారమునకు వలయు గుజ్జును అచ్చట తీసెడివారు. అది 2014లో ఆగిపోయెను; దానితోపాటు దానిని నమ్ముకొన్న ఊరి అంగళ్లును, అద్దె ఇండ్లును కళ తప్పినవి. గోదావరి వెంట ఎగువకు పోయినచో రామగుండమున 1980లో మొదలై 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారము రెండు దశాబ్దములకు పైగా నిద్రించి, కొత్త సంస్థగా 2021లో మరల యూరియా తీయసాగినది. దిగువకు వచ్చినచో సారపాకలో కాగితపు మిల్లును, మణుగూరు దాపున భారజల కర్మాగారమును నేటికిని నడచుచునే యున్నవి. ఒకే నది, ఒకే చదువు, ఇన్ని గతులు! కర్మాగారము మూతపడినచో సాఫ్ట్‌వేర్ ఉద్యోగివలె బల్ల మార్చుకొన్నంత సులభముగా కెమికల్ ఇంజినీరు వేరొక కొలువునకు పోలేడు. ఇల్లు, పిల్లల బడి, సర్వమును పెకలించుకొని మరియొక పారిశ్రామికవాడకు తరలవలెను. ఆ నడుమ ఖాళీగా గడచిన నెలలకును బ్యాంకువాడు కంతు అడుగును.

ఇట్లనుటచే ఈ చదువు పనికిరాదని నా భావము కాదు. తాడేపల్లిలో పసుపు పండించిన రైతు కుమారుడు కల్లం అంజిరెడ్డి పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో కెమికల్ ఇంజినీరింగున డాక్టరేటు సాధించి, హైదరాబాదులోని ప్రభుత్వ మందుల సంస్థ ఐ.డి.పి.ఎల్.లో కొలువు చేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించెను. మన మందుల పరిశ్రమ ఇంతటిదగుటకు ఈ విద్య ఒక మూలస్తంభము. అయినను ఆ కథను చూపి సీట్లు అమ్మువారు, కొత్తగా చేరిన కుఱ్ఱవాడు జీడిమెట్లలోనో పాశమైలారములోనో రాత్రి షిఫ్టున రియాక్టరు చెంత నిలిచి నెలకెంత తెచ్చుకొనునో చెప్పరు. 2025 జూన్ 30న పాశమైలారపు పేలుడులో 40 మందికి పైగా అసువులు బాసిరి. జీతపు లెక్క వేయునపుడు ఆ ప్రమాదమును కూడ తట్టలో ఉంచవలసినదే.

ఇక ఆ తండ్రి లెక్కకు వత్తము. ఏటా 1,25,000 చొప్పున నాలుగేండ్లకు అసలు 5 లక్షలు. బ్యాంకులో ఏడాదికి నూటికి పది వడ్డీ అనుకొందము. మన పల్లె లెక్కలో అది నెలకు నూటికి 83 పైసలు. చదువు నాలుగేండ్లు, పిమ్మట గడువు ఒక యేడు, అంతవరకు బారువడ్డీ 1,75,000, మొత్తము 6,75,000. దీనిని పదేండ్లలో తీర్పవలెనన్నచో నెలకు సుమారు 8,900 కంతు, తుదకు కట్టినది పది లక్షల డెబ్బదివేలు. కుఱ్ఱవాని చేతికి నెలకు 25,000 వచ్చుననుకొన్నచో జీతమున మూడవవంతుకు పైగా అప్పుకే పోవును. కష్టమే, కాని ఊపిరాడును. రెండు రూపాయల వడ్డీకైనచో అదే 5 లక్షలు అదే గడువునకు బారువడ్డీతోనే 9,20,000 అగును. అప్పుడు కాగితము తిరగవ్రాసికొన్నచో ఒక్క నెల వడ్డీయే 18,400. అసలులో ఒక్క రూపాయియు తరుగకుండ, పాతికవేల జీతగాడు పద్దెనిమిదివేల పైచిలుకు వడ్డీకట్టి, మిగిలినదానితో అద్దె గదిలో ఎట్లు బ్రతుకును?

కనుక చెఱచునది కెమికల్ అను శాఖ కాదు, అప్పు తెచ్చిన చోటు. వరంగల్లులో 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల, నేటి ఎన్.ఐ.టి., ఈ శాఖను బోధించుచున్నది. అట్టి సంస్థలలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకును, కుటుంబపు ఏడాది ఆదాయము లక్షలోపు గలవారికిని బోధనారుసుము పూర్తిగా మాఫీ. లక్ష మొదలు 5 లక్షల వరకు గలవారికి మూడింట రెండు వంతులు మాఫీ. అందు సీటు వచ్చిన బీదయింటి బిడ్డ శంకింపక చేరవలెను. అట్టి సీటు రానివారికి బ్యాంకు ఋణమే దారి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోరాదను 1/70 చట్టము వలన మేడారపు చుట్టుపట్ల పొలము బ్యాంకు తాకట్టునకు అంతగా అక్కరకు రాదు; అది భూమిని కాపాడు చట్టము, దానిని తప్పుపట్టరాదు. విద్యాఋణము ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండనే పొందవచ్చునన్న సంగతి మాత్రము ఈ గూడెములలో చాటింపు వేయవలసినది. కుటుంబపు ఆదాయము నాలుగున్నర లక్షలలోపైనచో, గుర్తింపు గల సంస్థలలో వృత్తివిద్య చదువునంతకాలపు వడ్డీని, పిమ్మటి యేడాది వడ్డీని కేంద్రమే భరించు పథకమున్నది. అది వర్తించినచో పైన చూపిన 1,75,000 ఆ యింటిపై పడదు, కంతు 6,600కు దిగును.

నా తీర్పు ఇది. బిడ్డ చేరదలచిన కళాశాలలో ఈ శాఖ చదివి నిరుడు వెలికి వచ్చిన పదిమందిలో నడిమివాని జీతము కనుగొనుడు. ప్రకటన పలకపై నవ్వుచున్న మొదటివానిది వలదు. ఆ నడిమివాని రెండేండ్ల జీతమునకు మించి అప్పు చేయవలసివచ్చినచో ఆ సీటు విడుచుటయే మేలు. తుదకు సాఫ్ట్‌వేర్ కొలువుకే పోవలెనని బిడ్డ మనసులో ఉన్నచో, నాలుగేండ్లు రియాక్టర్లను చదివించుటకై అప్పుచేయుట వట్టి చుట్టుదారి.

ఈ లెక్కనంతయు ఆ తండ్రికి ఒక బెల్లపు సంచి కాగితముపై వ్రాసి యిచ్చితిని. ఆయన చాలసేపు చూచి, ‘మొదటి యేడుది అయిపాయె గద సారూ’ అనెను. అయిపోయినది మొదటి యేడుదే. చదువు నడుమనున్నవారును విద్యాఋణమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. తాడ్వాయి, ఏటూరునాగారం, మంగపేటల తల్లిదండ్రులారా, రెండవ యేటి రుసుము కొఱకు వడ్డీవ్యాపారి గడప తొక్కుటకు ముందు, ప్రవేశపత్రము, ఆదాయపత్రము చేతబట్టుకొని ఒక్కమారు బ్యాంకు గడప తొక్కుడు.