వంటయింటి వాయువు

జహీరాబాదు పట్టణమునకు సమీపమున ఝరాసంగమను గ్రామము కలదు. కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయమువలన ఇది ప్రసిద్ధికెక్కినది. జొన్న, కంది ఈ ప్రాంతపు పంటలు. పూర్వమిచటి యిండ్లలో కందికట్టెలు, పిడకలు మండించి జొన్నరొట్టెలు కాల్చుకొనెడివారు. ఇల్లాలు పొయ్యి నూది నూది అలసిపోయెడిది. పొగచే ఆమె కన్నులు ఎఱ్ఱబడెడివి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1999 లో దీపం పథకమును, కేంద్రప్రభుత్వము 2016 లో ఉజ్జ్వల పథకమును ప్రారంభించినవి. వీనివలన గ్రామములలోని పేదయిండ్లకును గ్యాసు పొయ్యి వచ్చినది. పొగ తగ్గినది, కాని అగ్నిభయము తొలగిపోలేదు, రూపము మార్చుకొన్నది. కట్టెలపొయ్యిలోని నిప్పు కంటికి కనబడును. సిలిండరులోని వాయువు కంటికి కనబడదు.

ఈ వాయువు ప్రొపేను, బ్యూటేనులను పదార్థముల మిశ్రమము. దీనిని ఒత్తిడిచే ద్రవముగా మార్చి ఉక్కు సిలిండరులలో నింపుదురు. ఇండ్లలో సాధారణముగా వాడు సిలిండరులో 14.2 కిలోగ్రాముల గ్యాసుండును. ఒక లీటరు ద్రవము బయటకు వచ్చినచో ఇంచుమించు 250 లీటర్ల వాయువగును. కావున స్వల్పముగా కారినను గది నిండిపోవును. అంతేకాక ఇది గాలికంటె బరువైనది. పొగవలె పైకి పోక, నీటివలె నేలపై పరచుకొని మూలలలో నిలిచియుండును. అందుచే పైనున్న చిన్న గవాక్షము చాలదు. తలుపులు కూడ తెరచియుంచవలెను.

స్వభావసిద్ధముగా ఈ వాయువునకు చెప్పుకోదగిన వాసన లేదు. వాసన లేని వాయువెంత భయంకరమో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున జరిగిన ఒక ఘటన తెలుపును. 1937 మార్చి 18 న న్యూలండన్ అను ఊరి పాఠశాలలో నేల అడుగున సహజవాయువు చేరినది. వాసన లేనందున ఎవరును గుర్తింపలేదు. ఒక విద్యుద్యంత్రమునుండి పుట్టిన నిప్పురవ్వచే భవనమంతయు పేలిపోయినది. దాదాపు 300 మంది మరణించిరి. వారిలో అధికులు బాలబాలికలు. అటుపిమ్మట వాయువునకు దుర్వాసన కలుపుట ఆ రాష్ట్రమున చట్టమైనది. నేడు మన వంటగ్యాసులోను ఇథైల్ మెర్‌కాప్టన్ అను పదార్థమును కలుపుదురు. ఆ దుర్వాసన మనకొక హెచ్చరిక.

వాసన వచ్చినపుడు ఏమి చేయవలెను? దీపము వెలిగింపరాదు, వెలుగుచున్న దీపమును ఆర్పుటకైనను స్విచ్చు ముట్టరాదు. స్విచ్చులో పుట్టు చిన్న రవ్వయే చాలును. పొయ్యి మీటలను, రెగ్యులేటరును కట్టివేసి, తలుపులు, కిటికీలు తెరచి, అందరును వెలుపలికి పోవలెను. దూరముగా పోయిన పిదప 1906 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

ప్రతిదినమును పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. సిలిండరును నిలువుగనే నిలుపవలెను. పొయ్యిని దానికంటె ఎత్తున అమర్చవలెను. రబ్బరు గొట్టమును అయిదేండ్ల కొకసారి, పగుళ్లు కనబడినచో వెంటనే, మార్చవలెను. కారుచున్నదని అనుమానము కలిగినచో సబ్బునీరు పూసి చూడవలెను. బుడగలు వచ్చినచోట రంధ్రమున్నట్లు. అగ్గిపుల్లతో పరీక్షించుట ప్రాణాపాయము. ముందు అగ్గిపుల్ల గీచి, తరువాత మీట త్రిప్పవలెను. రాత్రి నిద్రించుటకు ముందు రెగ్యులేటరును కట్టివేయవలెను.

చీరకొంగుతో వేడిగిన్నె దింపుట పలువురి అలవాటు. ఆ కొంగే మంట నందుకొనును, పట్టుకారునే వాడవలెను. మూకుడులోని నూనె అంటుకొన్నచో నీరు పోయరాదు. పొయ్యి ఆర్పి మూత పెట్టవలెను. ఒడలు కాలినచోట సిరాగాని, పండ్లపొడిగాని పూయక, 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచి, వైద్యునికడకు పోవలెను.

కొందరు నేడు మొక్కజొన్నకంకులు, మాంసము కాల్చుటకు గ్యాసు గ్రిల్లు వాడుచున్నారు. దానిని ఆరుబయటనే ఉంచవలెను. మూసిన గదిలో మండినచో వాసనలేని విషవాయువు కార్బన్ మోనాక్సైడు చేరును. మూత తెరచియే దానిని వెలిగింపవలెను. లేనిచో లోపల నిండిన గ్యాసు ఒక్కసారిగా భగ్గుమనును.

సిలిండరు పైభాగమున ఒక ఆంగ్లాక్షరము, రెండంకెలు వ్రాసియుండును. అవి మరల పరీక్ష జరుపవలసిన గడువును తెలుపును. ‘ఏ’ యనగా మార్చి, ‘బి’ యనగా జూను, ‘సి’ యనగా సెప్టెంబరు, ‘డి’ యనగా డిసెంబరు నెలాఖరు. ‘బి 28’ అని యున్నచో 2028 జూనువరకు గడువు. గడువు దాటిన సిలిండరును తీసికొనరాదు. ఆ అక్షరములు చదువలేని తల్లులు ఎందరో కలరు. సిలిండరు ఇంటికి వచ్చిన దినమున వాని నామెకు చదివి చెప్పగల బిడ్డ చదువు ఆ యింటికి రక్షయగును.