తాబేటి గూటికి కాపలా

2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన ఉన్న గుర్రం చెరువు కట్ట తెగింది. చాంద్రాయణగుట్ట పరిసరాలలోని పల్లపు బస్తీలు నీట మునిగాయి. కొన్నాళ్లకు నీరు తీసింది, వీధులు ఆరాయి. కాని ఆ నీరు ఎక్కడికి పోయింది? దానితోపాటు కొట్టుకుపోయిన ప్లాస్టిక్ సంచులు, సీసాలు, తెగిన చెప్పులు ఎక్కడికి చేరాయి?

నేల వాలును అనుసరించి ఈ ప్రాంతపు నాలాల నీరు మూసీకి చేరుతుంది. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పులిచింతలను, విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీని దాటి, పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి, దివిసీమను చుట్టి బంగాళాఖాతంలో పడుతుంది. దారిలోని ఆనకట్టలు చెత్తలో కొంత భాగాన్ని ఆపుతాయి. వరదకు గేట్లు ఎత్తినప్పుడు మాత్రం తేలే వస్తువు నీటివెంట సాగిపోతుంది. కనుక చాంద్రాయణగుట్టకు సముద్రం లేదనుకోవడం పొరపాటు. దాని సముద్రతీరం కృష్ణ ముఖద్వారం.

ఆ ముఖద్వారం వద్ద ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ, నాచుగుంట వంటి లంకలు ఉన్నవి. ఉప్పునీటిలో పెరిగే మడ అడవులు ఉన్నవి. మడచెట్టు వేళ్లు బురదను పట్టి ఉంచుతాయి. దట్టంగా పెరిగిన కాండాలు, వేళ్లు అలల వేగాన్ని తగ్గిస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడి వేలాది ప్రాణాలను బలిగొన్న ఉప్పెనను తలచుకుంటే, ఇటువంటి అడవి అడ్డుగా నిలవడం ఎంత అవసరమో తెలుస్తుంది. ఈ తీరపు ఇసుక మీదికే ఏటా ఒక అతిథి వస్తుంది. అది ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు.

జనవరి మొదలు మార్చి దాకా, రాత్రివేళ, ఆడ తాబేలు ఒడ్డుకు ప్రాకి వస్తుంది. వెనుక కాళ్లతో సుమారు 45 సెంటీమీటర్ల లోతున, కూజా ఆకారంలో గుంత తవ్వుతుంది. అందులో పింగ్‌పాంగ్ బంతుల వంటి గుడ్లను నూటికి కొంచెం అటూ ఇటూగా పెట్టి, ఇసుకతో పూడ్చి, సముద్రంలోకి మరలిపోతుంది. పొదగడం లేదు, పెంపకం లేదు. ఎండవేడికి కాగిన ఇసుకే 45 నుండి 60 రోజులలో గుడ్లను పొదుగుతుంది. ఈలోగా నక్కలు, ఊరకుక్కలు గూడు తవ్వవచ్చు. సముద్రం ఒడ్డును కోయవచ్చు. పుట్టిన పిల్లలలో వెయ్యింటికి ఒకటి పెద్దదయితే గొప్ప అని శాస్త్రజ్ఞుల అంచనా. అందువల్లనే స్వచ్ఛంద సేవకుల అవసరం కలిగింది.

మన దేశంలో ఈ సేవకు పేరు తెచ్చినవారు విద్యార్థులే. 1988లో మద్రాసులో కొందరు విద్యార్థులు ఒక బృందంగా ఏర్పడి, నీలాంకరై నుండి బెసంట్ నగర్ వరకు తీరం వెంట రాత్రులు నడచి, గూళ్లను వెదకి కాపాడసాగారు. ఆంధ్ర తీరంలో అటవీశాఖ స్థానిక మత్స్యకారుల సాయంతో గుడ్ల సంరక్షణ కేంద్రాలు నడుపుతున్నది. వీటినే హేచరీలు అంటారు. విశాఖపట్నంలోను, కృష్ణ ముఖద్వారం దగ్గరి హంసలదీవి, సొర్లగొంది ప్రాంతాలలోను ఇటువంటి పని జరిగింది.

ఈ పనికి మంచి మనసు కావాలి, నిజమే. కాని మంచి మనసు ఒక్కటే చాలదు. తెలియక చేసిన మేలు కీడయ్యే సందర్భాలు ఇందులో మూడు ఉన్నవి.

మొదటిది గుడ్లను కదిలించడం. కోడి తాను పొదిగే గుడ్లను ముక్కుతో తిప్పుతూ ఉంటుంది. తిప్పకపోతే పిండం పెంకుకు అంటుకొని చెడిపోతుంది. తాబేటి గుడ్డు సంగతి ఇందుకు సరిగా వ్యతిరేకం. గుడ్డు పెట్టిన కొద్ది గంటలకే పిండం పైభాగపు పొరకు అంటుకొని అక్కడే పెరుగుతుంది. ఆ తరువాత గుడ్డును తిప్పితే పొర చిరిగి పిండం చనిపోతుంది. కనుకనే సేవకులు అదే రాత్రి గుడ్లను మెల్లగా తీసి, కుదుపు లేకుండా మోసి, తల్లి తవ్విన లోతునే, అదే ఆకారంలో గుంత తవ్వి ఉంచుతారు. ఉదయం తీరికగా చేద్దామంటే కుదరదు.

రెండవది వేడి. తాబేటి పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది తల్లిదండ్రుల క్రోమోజోములు కావు, ఇసుక ఉష్ణోగ్రత. సుమారు 29, 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద రెండు జాతులూ దాదాపు సమంగా పుడతాయి. అంతకన్న చల్లని ఇసుకలో మగవి, వేడి ఇసుకలో ఆడవి ఎక్కువ. ఇంకా వేడెక్కితే పిండాలే చనిపోతాయి. హేచరీలోని గూళ్లన్నీ నీడలేని చోట ఉంటే పిల్లలు ఎన్ని పుట్టినా దాదాపు అన్నీ ఆడవే కావచ్చు. పూర్తిగా నీడలోనే ఉంటే మగవే కావచ్చు. భూమి వేడెక్కుతున్న ఈ రోజులలో గూటి పక్కన ఉష్ణమాపకం ఉంచి, రోజూ కొలత వ్రాసుకోవడం కాపలాతో సమానమైన పని.

మూడవది వెలుతురు. పిల్లలు సాధారణంగా రాత్రి, ఇసుక చల్లబడిన తరువాత, ఒక్కుమ్మడిగా పైకి వస్తాయి. చీకటి తీరంలో అన్నిటికన్న వెలుగుగా కనిపించేది సముద్రపు దిగంతం. పిల్ల ఆ వెలుగు వైపే ప్రాకుతుంది. రోడ్డు దీపం, హోటలు దీపం, చివరకు ఫొటో తీసే ఫోను వెలుతురు సైతం దానిని దారి తప్పించగలవు. పిల్లలను తొట్టెలో నిలువ ఉంచి మరునాడు జనం ముందు విడిచిపెట్టడమూ మంచిది కాదు. పొట్టలో మిగిలిన పచ్చసొన బలంతోనే అవి మొదటి రోజు ఎడతెగక ఈది లోతునీటికి చేరాలి. తొట్టెలో కొట్టుకుంటే ఆ బలం కాస్తా వృథా అవుతుంది.

ఇక లెక్కల సంగతి. ఈ ఏడు ఇన్ని వేల పిల్లలను విడిచామని చెప్పుకోవడం సంతోషమే. అయితే 1987లో అమెరికా శాస్త్రజ్ఞులు లాగర్‌హెడ్ అనే మరో జాతి తాబేళ్ల జననమరణాలను లెక్కకట్టి ఒక వింత కనుగొన్నారు. తీరంలోని గుడ్లన్నిటినీ కాపాడినా ఆ తాబేళ్ల తగ్గుదల ఆగదు. బాగా ఎదిగిన తాబేళ్ల చావులు తగ్గితేనే అవి కోలుకుంటాయి. కారణం తేలికగానే తెలుస్తుంది. గుడ్డు పెద్ద తాబేలు కావడానికి పదేళ్లో అంతకన్న ఎక్కువో పడుతుంది. ఆ దశ దాటి వచ్చిన ఒక్క తల్లి చనిపోతే, అది ఇక ముందు ఏళ్ల తరబడి పెట్టవలసిన గుడ్లన్నీ పోయినట్లే.

తాబేలు నీటిలో జీవించినా ఊపిరితిత్తులతోనే గాలి పీలుస్తుంది. మరపడవ లాగే ట్రాల్ వలలో చిక్కి గంటల కొద్దీ పైకి రాలేకపోతే ఊపిరాడక మరణిస్తుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొలది ఆలివ్ రిడ్లేల కళేబరాలు కొట్టుకువచ్చాయి. మన తూర్పుతీరంలో వేట నిషేధం ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు. అది చేపల కోసం ఏర్పడింది. తాబేళ్లు గుడ్లు పెట్టే ముఖ్య మాసాలు దానికి ముందే గడచిపోతాయి. వలలో చట్రం అమర్చి, తాబేలు బయటపడేందుకు దారి ఉంచే సాధనం ఉన్నది. దానిని వాడడానికి మత్స్యకారుడు ఒప్పుకోవాలి. చేపలో కొంత జారిపోతుందన్న అతని భయాన్ని తీర్చాలి. కనుక కళేబరాలను లెక్కించి, చోటు, తేదీ వ్రాయడం కూడా సేవకుని పని. గూళ్ల లెక్క ఆశను చెబుతుంది, కళేబరాల లెక్క నిజాన్ని చెబుతుంది. రెండూ కావాలి.

ఒక హెచ్చరిక. ఆలివ్ రిడ్లే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. అటవీశాఖ అనుమతి లేకుండా గుడ్లను తాకడం నేరం. తీరానికి విహారయాత్రకు వెళ్లే విద్యార్థులు గూడు కనిపిస్తే దూరంగా నిలబడి సిబ్బందికి తెలుపడమే సరైన సేవ.

మరి సముద్రానికి వందల కిలోమీటర్ల ఎగువన ఉన్న పాఠశాల చేయగలిగినదేమిటి? 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో సేవకులు చెత్త ఏరడమే కాక, ఏరిన ప్రతి వస్తువునూ కాగితం మీద నమోదు చేశారు. అదే నేడు ఏటా సెప్టెంబరు మూడవ శనివారం అనేక దేశాలలో జరిగే తీర పరిశుభ్రతా దినమయింది. ఆ శనివారమే చాంద్రాయణగుట్ట పాఠశాల పిల్లలు ఉపాధ్యాయుని వెంట చెరువు గట్టు మీద, నీటికి ఎడంగా, పది మీటర్ల చదరం తాడుతో గుర్తించి, అందులోని చెత్తను రకాల వారీగా లెక్కించవచ్చు. ప్రతి ఏడూ అదే చోట, అదే పద్ధతిలో లెక్కిస్తే, ఏ వస్తువు పెరుగుతున్నదో, ఏది తగ్గుతున్నదో తేలుతుంది. అక్కడ ఏరిన సంచి వరదలో పడదు, మూసీకి చేరదు, కృష్ణ వెంట లంకల దాకా పోదు. హంసలదీవి ఇసుకలో రాత్రంతా గూటిని కాచే మత్స్యకారునికి ఈ పిల్లల ముఖం తెలియదు. అయినా ఇద్దరూ కాస్తున్నది ఒకే తీరాన్ని.