పండ్లగారయు త్రాగునీరును

పుదుచ్చేరి పట్టణమున భారతీ ఉద్యానవనము నడుమ ఆయి మండపము కలదు. ముత్తిరపాళయమునుండి పట్టణమునకు మంచినీరు తెచ్చిన పనికి జ్ఞాపకార్థముగా, మూడవ నెపోలియను ఫ్రాన్సునకు చక్రవర్తిగా నున్న కాలమున దానిని కట్టిరి. నేటికిని ఆ పట్టణమునకు భూగర్భజలమే ప్రధానాధారము. భూమినుండి తోడిన నీరు ఎంత తేటగా నున్నను, దానియందు కరిగియున్న లవణములు కంటికి కానరావు. ఒక్కొక్క ప్రాంతమున అవి మొదట బిడ్డల పండ్లమీదనే బయటపడును.

పండ్ల రంగు మారుటకు ముఖ్యముగా రెండు కారణములు కలవు. మొదటిది పైమరక. తాంబూలము, పొగాకు, కాఫీ, తేనీరు వీనివలన పంటిపై గార పట్టును. మెత్తని బ్రష్షుతో దినమునకు రెండుమారులు తోమినచో, టూత్‌పేస్టులోని సన్నని పొడి ఈ మరకను కొంతవరకు తొలగించును. గట్టిపడిన గారను దంతవైద్యుడే తీయవలెను. పొగాకు కలిసిన పండ్లపొడులను, పేస్టులను భారత ప్రభుత్వము 1992లో నిషేధించెను. ఇటుకపొడితోను, గరుకైన బొగ్గుపొడితోను బలముగా తోమువారి పండ్లు తెల్లబడుటకు మారుగా క్రమముగా పచ్చబడును. ఏలయన, పంటి పైపొరయగు ఎనామెలు అరిగి, దానిక్రిందనున్న పసుపువన్నె డెంటిను పైకి కానవచ్చును. అరిగిన ఎనామెలు మరల పెరుగదు.

రెండవది పంటిలోపలి మచ్చ. దీనికి తెలుగునాటనే నిదర్శనము కలదు. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో జనుల పండ్లు మచ్చలుపడుటయు, పెద్దవారి వెన్నెముకయు కీళ్లును బిగిసిపోవుటయు గమనించి షార్టు మొదలగు వైద్యులు 1937లో ప్రకటించిరి. బావినీటిలోని అధిక ఫ్లోరైడే దీనికి కారణము. అమెరికాలో మెకే యను దంతవైద్యుడు 1901 మొదలు పరిశీలించుచు వచ్చిన గోధుమవన్నె పండ్లకును ఇదియే కారణమని 1931లో తేలెను. ఎనిమిదేండ్లలోపు, ఎనామెలు ఏర్పడు కాలమున ఇట్టి నీరు త్రాగిన బిడ్డల పండ్లపై సుద్దవంటి తెల్లచారలును, తీవ్రమైనచో గోధుమవన్నె మచ్చలును కలుగును. ఎంత తోమినను ఇవి పోవు.

కావున ఇట్టి బిడ్డను అశుచియని బడిలో మందలించుట అన్యాయము. ఒకే వీధిలో పెక్కుమంది పిల్లల పండ్లకు ఈ గురుతు కనబడినచో అధికారి చూడవలసినది బావిని. నీటిని పరీక్షకు పంపవలెను. లీటరునకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీటివసతి లేనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు అంగీకరింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. కాచినను, బ్లీచింగు పొడి చల్లినను ఫ్లోరైడు పోదు. వేరు బావినీటినో, నిలువచేసిన వాననీటినో సమకూర్చుట ఉత్తమము. కానిచో పటిక, సున్నము కలిపి తేర్చు నల్లగొండ పద్ధతి కలదు.

ఇంతమాత్రమున ఫ్లోరైడు గల పేస్టును విడువ పనిలేదు. అది పిప్పిపండ్లను అరికట్టును. మూడేండ్లు దాటిన బిడ్డకు బఠాణీగింజంత చాలును. అంతకు చిన్నవారికి బియ్యపుగింజంత. బిడ్డ దానిని మ్రింగక ఉమ్మివేయునట్లు పెద్దలు చూడవలెను. నీటియందే ఫ్లోరైడు హెచ్చుగానున్న గ్రామములలో దంతవైద్యుని సలహా పొందవలెను.

పైమరకకు మందు బ్రష్షు; లోమచ్చకు మందు మంచినీరు. మొదటిది ఇంటివారి పని. రెండవది మునిసిపాలిటీ, తాలూకా అధికారుల పని.