గాజుకీ పాకం ఉంది!

మాది పూతలపట్టు. ఈ పక్క చెరుకు తోటలు, బెల్లం గానుగలు ఎక్కువ. పెనంలో చెరుకు పాలు మరుగుతుంటే గానుగ దగ్గరి పెద్దాయన చేతిలో థర్మామీటర్ ఉండదు. కాస్త పాకం తీసి నీళ్లలో వేసి చూస్తాడు. ఇది తీగ పాకమా, ఉండ పాకమా అని క్షణంలో చెప్పేస్తాడు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే ఆ రోజు పెనం మొత్తం పోయినట్టే.

గాజుతో పని మొదలుపెట్టాక నాకు అర్థమైంది ఒకటే: ఇదీ పాకమే!

మా నాయనకి అద్దాలు కోసే అంగడి ఉంది. కిటికీలకు, షోకేసులకు కోయగా మిగిలిన ముక్కలు వెనక షెడ్డులో గుట్టగా పడుంటాయి. వాటిని కరెంటు బట్టీలో పెట్టి ప్లేట్లు, ట్రేలు చేస్తానంటే మా నాయన ఒకటే అన్నాడు: ‘చెత్తకు కరెంటు పోసి కాలుస్తావా అమ్మణ్ణీ?’ దాని పేరే గ్లాస్ ఫ్యూజింగ్. గాజు ముక్కల్ని ఒకదానిపై ఒకటి పేర్చి, కిల్న్‌లో వేడి చేసి ఒకటిగా కలపడం. గొట్టంతో ఊదే పని ఉండదు, మంట ముందు నిలబడే పనీ ఉండదు. పేర్చేది మనం, కరిగించేది బట్టీ.

ఏ వేడికి ఏమవుతుంది?

మంచుగడ్డకు సున్నా డిగ్రీలు అన్నట్టు గాజుకి ‘ఇక్కడ కరుగుతుంది’ అనే ఒక్క గీత లేదు. మెల్లగా మెత్తబడుతూ పోతుంది. అందుకే పాకం అన్నాను. మామూలు కిటికీ అద్దం లెక్క సుమారుగా ఇలా ఉంటుంది (డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే):

650 నుంచి 700 డిగ్రీల మధ్య అద్దం వంగుతుంది. కింద గిన్నె లాంటి అచ్చు ఉంటే అందులోకి జారి ఆ ఆకారం తీసుకుంటుంది. దీన్ని స్లంపింగ్ అంటారు.

760 దాటాక ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పైన పెట్టిన పువ్వు ఉబ్బెత్తుగా అలాగే కనిపిస్తుంది. ఇది టాక్ ఫ్యూజ్.

820 దాటితే రెండు పొరలు పూర్తిగా కలిసి నున్నగా ఒకే పలక అవుతాయి. ఇది ఫుల్ ఫ్యూజ్.

ఇంకో తమాషా. పూర్తిగా మెత్తబడిన గాజు తనంతట తాను 6 నుంచి 7 మిల్లీమీటర్ల మందానికి సర్దుకుంటుంది. ఒకే పల్చటి పొర పెడితే అంచులు లోపలికి ముడుచుకుంటాయి. మరీ మందంగా పేర్చితే బయటికి పారుతుంది. అందుకే మూడున్నర మిల్లీమీటర్ల అద్దం రెండు పొరలు పెడితే సరిగ్గా కుదురుతుంది.

బట్టీలో ఏముంటుంది?

చూడ్డానికి చిన్న పెట్టె. చుట్టూ వేడిని పట్టి ఉంచే తేలికపాటి ఇటుక. లోపల ఎర్రగా కాలే హీటింగ్ వైర్లు. వేడి కొలిచే థర్మోకపుల్, దాని మాట విని కరెంటును వేస్తూ తీస్తూ ఉండే కంట్రోలర్. 3 కిలోవాట్ల బట్టీ 230 వోల్టుల దగ్గర దాదాపు 13 ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి ఫోన్ చార్జర్ పెట్టే ప్లగ్గు పనికిరాదు. మంచి వైరింగ్, ఎర్తింగ్, సొంత ఎం.సి.బి. ఉండాలి. ఒక రాత్రి మొత్తమ్మీద వైర్లు 5 గంటలు వెలిగాయనుకుంటే 15 యూనిట్లు.

గాజు బట్టీ అడుగుకి అతుక్కోకుండా అల్యూమినా, చైనా క్లే కలిసిన పొడిని నీళ్లలో కలిపి పలక మీద పూస్తారు. దాని పేరు కిల్న్ వాష్. దోసె పెనానికి నూనె రాసినట్టే అనుకోండి. ఇది పూర్తిగా ఆరాకే గాజు పెట్టాలి.

ఒక రాత్రి కథ

నేను సాయంత్రం 7 గంటలకు బట్టీ వేస్తాను. గంటకు 150 డిగ్రీల చొప్పున 550 దాకా నెమ్మదిగా. తొందరపడితే చల్లటి గాజు ఠప్పుమంటుంది. 650 దగ్గర అరగంట ఆపుతాను, పొరల మధ్య గాలి బయటికి పోవడానికి. తర్వాత 820 దాకా వేగంగా తీసుకెళ్లి అక్కడ పావుగంట. అప్పటికి అర్ధరాత్రి దాటి ఉంటుంది.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. దిగేటప్పుడు 550 దగ్గర గంటసేపు ఆపాలి. దీన్ని అనీలింగ్ అంటారు. గాజు పైభాగం ముందు చల్లారి, లోపల ఇంకా వేడిగా ఉంటే ఆ లాగుడు గాజులోనే ఉండిపోతుంది. బయటికి ఏమీ కనపడదు. నెల తర్వాత ఎవరింట్లోనో టేబుల్ మీద ఉన్నట్టుండి పగులుతుంది. అందుకే గంట ఆపి, తర్వాత గంటకు 60 డిగ్రీల చొప్పున 370 దాకా దించి స్విచ్ ఆపేస్తాను. మూత తెరిచేది మర్నాడు మధ్యాహ్నమే. అంతవరకు ఎంత ఆత్రంగా ఉన్నా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే!

అన్ని గాజులూ చుట్టాలు కావు

పాత గాజుల ముక్కల్ని దీపం మీద వంచి గొలుసు చేయడం మన పిలకాయలకు తరతరాల ఆట. ఆ ముక్కల్నే కిటికీ అద్దం మీద పేర్చి బట్టీలో పెడితే? బాగానే కలుస్తాయి, తర్వాత పగులుతాయి. ఒక్కో గాజు వేడికి ఒక్కో కొలతలో పెరుగుతుంది, తగ్గుతుంది. ఒకటి ఎక్కువ, ఇంకొకటి తక్కువ ముడుచుకుంటే ఆ కాపురం నిలవదు. ఒకే షీటు నుంచి కోసిన ముక్కలైతే భయం లేదు.

ఈ సంగతే నా మొదటి పెద్ద ఆర్డర్‌ని తిప్పేసింది. బంగారుపాళ్యం నుంచి ఒకాయన గృహప్రవేశానికి 30 ప్లేట్లు అడిగాడు, ఎర్ర పూలు వేసి. గడువు 9 రోజులు. నా బట్టీలో రాత్రికి 4 ప్లేట్లే పడతాయి. అంటే 8 రాత్రులు. సిటీలో ఒక వ్యాపారి దగ్గర ఎర్ర గాజు తెప్పించాను. ‘అన్నిటితోనూ కలుస్తుంది మేడం’ అన్నాడు. ఆర్డర్ మొదలుపెట్టే ముందే చిన్న ముక్క కాల్చి పరీక్ష చేశాను.

ఆ పరీక్ష మీరూ చేయొచ్చు. ఎల్.సి.డి. ల్యాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ పెట్టండి. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్‌లోంచి చూస్తూ, స్క్రీన్ నల్లబడేదాకా వాటిని తిప్పండి. మధ్యలో మీ గాజు ముక్క పెట్టండి. అతుకు చుట్టూ వెలుగు వలయం కనిపిస్తే లోపల లాగుడు ఉన్నట్టు. నా ముక్కలో ఎర్ర పువ్వు చుట్టూ దీపం పెట్టినంత వెలుగు!

ఫోన్ చేశాను. ‘అన్నా, ఎర్ర పూలు వద్దు. ఇంటికి పోయాక పగిలే ప్లేటు నేను ఇవ్వలేను. కావాలంటే అడ్వాన్సు వెనక్కి ఇచ్చేస్తా.’ అటు కాసేపు మాట లేదు. ‘మరి ఏమిస్తావమ్మా?’ అన్నాడు. పల్చటి రాగి రేకును మామిడాకుల్లా కత్తిరించి, ఒకే షీటు నుంచి కోసిన రెండు అద్దాల మధ్య పెట్టి కాల్చాను. నాలుగు ప్లేట్లు చూసి ఒప్పుకున్నాడు. ఐదో రాత్రి సరిగ్గా దిగే వేళకి కరెంటు పోయింది. ఆ నాలుగూ మళ్లీ బట్టీకెక్కాయి. మిగిలిన ఒక్క రాత్రీ అలా ఖర్చయింది. ఆ తర్వాత రోజూ తెల్లారుజామున లేచి కంట్రోలర్ మీద నంబర్ చూసి నాకు చెప్పింది మా నాయనే. 30 ప్లేట్లూ టైముకి వెళ్లాయి.

పక్కనే పాపానాయుడుపేట

ఇదేదో విదేశీ హాబీ అనుకుంటున్నారా? పూతలపట్టు నుంచి నాయుడుపేట వైపు వెళ్లే దారిలో తిరుపతి, రేణిగుంట దాటాక ఏర్పేడు వస్తుంది. ఆ దగ్గర్లోనే పాపానాయుడుపేట. పూసల మీద పరిశోధన చేసిన అమెరికన్ పీటర్ ఫ్రాన్సిస్ జూనియర్ ఈ ఊరి గాజు పనిని ప్రపంచానికి చెప్పాడు. అక్కడి పనివాళ్లు లాడా అనే ఇనుప గొట్టం చివర కరిగిన గాజును ముద్దగా చుట్టి, మధ్యలో బొక్క నిలిచేలా చేసి, బట్టీలో ఉంచి, అవతలి వైపు నుంచి సన్నటి గొట్టంగా చేత్తో గంటల తరబడి లాగుతారు. ఆ గొట్టాన్ని చిన్న చిన్న పూసలుగా కోస్తారు. కోసిన అంచులు పదునుగా ఉంటాయి కదా! పూసల్ని బూడిదలో కలిపి మళ్లీ వేడి చేస్తారు. అంచులు గుండ్రంగా మారతాయి. బూడిద ఉంది కాబట్టి ఒకదానికొకటి అతుక్కోవు.

గమనించారా? నేను పూసే కిల్న్ వాష్ చేసే పని కూడా అదే. ఇలాంటి పూసలే పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో దొరికాయి. 1945లో మోర్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపిన చోటు అది. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి కొరియా, జపాన్ దాకా వెళ్లిన ఈ పూసలకు ఇండో-పసిఫిక్ పూసలు అని పేరు పెట్టింది ఫ్రాన్సిస్సే. అరికమేడు విద్యకు వారసులు పాపానాయుడుపేట వాళ్లే అన్నది ఆయన వాదన.

మొదలుపెట్టాలనుకుంటే

గాజు కోసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. అరగదీసేటప్పుడు నీళ్లు పోస్తూ చేయండి. కిల్న్ వాష్ గీకేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మొహం చూసుకునే అద్దం వెనక పూత బట్టీలో పొగలు కక్కుతుంది, దాన్ని పెట్టొద్దు. పాత డబ్బా టీవీల గాజులో సీసం ఉంటుంది, దాని జోలికి పోవద్దు. టఫెన్డ్ గ్లాస్‌ను కోయాలని చూస్తే మొత్తం పొడి పొడి అవుతుంది. మూత తెరిచే ముందు కరెంటు ఆపండి.

మొదట అరచేతిలో పట్టే కోస్టర్ ఒకటి చేయండి. ఎంత వేడికి ఏమైందో, ఎంతసేపు ఆపారో ఫోన్ నోట్స్‌లో ప్రతిసారీ రాసుకోండి. ఏ కంట్రోలరూ లేకుండా మంట రంగు చూసి, చేతికి తగిలే బిగువు చూసి గాజు గొట్టం లాగినవాళ్లు మన జిల్లాల్లోనే ఉన్నారు. వాళ్ల చేతులకు తెలిసింది మనకు నంబర్లలో దొరుకుతోంది. ఓపిక మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.