సముద్రం లేని ఊళ్ళో సముద్రం పాఠం



చిలమత్తూరులో కూర్చుని సముద్రం గురించి రాస్తున్నానంటే మీరు నవ్వుతారు. మన దగ్గర చెరువు నిండేదే అపురూపం, ఇంక సముద్రం సంగతి మనకెందుకు అంటారు. నేనూ అట్లే అనుకునేవాణ్ణి. పోయిన వేసవి సెలవుల్లో నా ఆలోచన మారింది.

వానల్లేక మా నాయన సేద్యం వదిలేసి నెల్లూరు వైపు సముద్రపు ఒడ్డుకు పోయినాడు. అక్కడ రొయ్యల గుంటల దగ్గర కాపలా పని. నేను ఒక నెల ఆయన దగ్గర ఉన్నాను. మొదటి రోజే దాహమై బావిలో నీళ్ళు తోడుకుని నోట్లో పోసుకుంటే ఒకటే ఉప్పు! పక్కనున్న ఒక అవ్వ చూసి, "ఆ నీళ్ళు గొడ్లు కూడా తాగవబ్బయా. నేను కాపురానికి వచ్చినప్పుడు ఈ బావి నీళ్ళతోనే పప్పు ఉడికేది" అన్నది. మన వైపు నీళ్ళు లేక కొంటాం. వాళ్ళు ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని బిందెలు లెక్కపెట్టి కొంటున్నారు.

ఇట్లా ఎందుకు జరుగుతుంది? రొయ్యల కోసం ఉప్పునీళ్ళు గుంటల్లోకి తోడతారు. ఆ ఉప్పు మెల్లగా భూమిలోకి ఇంకుతుంది. ఉప్పు ఎక్కువైతే కలపడానికి బోర్లు వేసి మంచినీళ్ళు తోడతారు. భూమిలో మంచినీళ్ళు తగ్గినకొద్దీ సముద్రపు నీళ్ళు లోపలికి జరుగుతాయి. వాడిన నీళ్ళు కాలువలోకి వదిలితే అక్కడ చేపలు పట్టుకునేవాళ్ళకు నష్టం.

మరి గుంటలన్నీ మూసేస్తే సరిపోతుందా? మూసేస్తే మా నాయనకు పని లేదు. మూయకపోతే అవ్వకు నీళ్ళు లేవు. ఈ చిక్కుముడి నాకు ఎంతకీ విడలేదు. బడికి వచ్చినాక సోషల్ సార్‌ను అడిగితే ఒక మాట చెప్పినారు. దాని పేరు సమగ్ర తీర ప్రాంత నిర్వహణ.

పేరు పెద్దదే గాని సంగతి మనకు తెలిసిందే. మన పల్లెల్లో చెరువును ఎట్లా చూసుకునేవాళ్ళు? వంక పూడితే చెరువు నిండదు. కట్ట తెగితే ఆయకట్టు ఉండదు. పైమడివాడు నీళ్ళన్నీ తీసుకుంటే కిందిమడి ఎండిపోతుంది. అందుకే వంక, కట్ట, తూము, మడి అన్నీ ఒకటిగా చూసుకుంటూ, నీరుగంటి వంతులు వేసేవాడు. సముద్ర తీరాన్ని కూడా అట్లే చూడాలి. చేపలకు ఒక ఆఫీసు, భూమికి ఒక ఆఫీసు, తాగునీళ్ళకు ఇంకొకటి, ఓడరేవుకు మరొకటి ఉండి, ఎవరికి వాళ్ళు అనుమతులు ఇచ్చుకుంటూ పోతే ఆ నష్టమంతా వచ్చి అవ్వ బావిలో పడుతుంది. అందరూ ఒకచోట కూర్చుని, అక్కడి జనాన్ని కూడా కూర్చోబెట్టి నిర్ణయించుకోవడమే సమగ్ర నిర్వహణ.

యూరప్ దేశాలకూ ఈ బాధ తప్పలేదు. వాళ్ళ తీరాల్లో హోటళ్ళు, ఓడరేవులు, ఫ్యాక్టరీలు కిక్కిరిసిపోయినాయి. 1996 నుంచి 1999 వరకు 35 చోట్ల ప్రయోగాలు చేసి చూసినారు. తర్వాత 2002 మే 30న యూరోపియన్ యూనియన్ తన సభ్యదేశాలకు ఒక సిఫారసు చేసింది. ముందుచూపు ఉండాలి, ఏ చోటుకు తగిన ఉపాయం ఆ చోటుకు ఉండాలి, ప్రకృతికి ఎదురు పోకూడదు, సంబంధం ఉన్న అందరినీ కలుపుకోవాలి అని అందులో ఉంది. అయితే సిఫారసు అంటే సలహానే, కట్టుబాటు కాదు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల కోసం 2008లో మాడ్రిడ్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు. నీటి అంచు నుంచి కనీసం 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలు కట్టరాదనేది అందులో ఒక నియమం. అది 2011లో అమలులోకి వచ్చింది.

మన దేశం ఏమీ చేయలేదనుకోవద్దు. 1981లోనే ప్రధాని ఇందిరాగాంధీ తీరాన్ని కాపాడమని రాష్ట్రాలకు జాబు రాసినారు. 1991లో తీర ప్రాంత నియంత్రణ నియమాలు వచ్చినాయి. పోటు నీళ్ళు తాకే గీత నుంచి 500 మీటర్ల వరకు అదుపు పెట్టినారు. రొయ్యల గుంటల మీద తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్ సుప్రీంకోర్టుకు పోయినారు. 1996 డిసెంబరు 11న కోర్టు, ఆ 500 మీటర్ల లోపల ఉన్న గుంటలను, పాతకాలపు పద్ధతివి తప్ప, తీసేయమని తీర్పు చెప్పింది. కానీ 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి, రిజిస్టరు చేసుకున్న గుంటలకు దారి ఇచ్చింది. 2010లో ప్రపంచ బ్యాంకు సాయంతో సమగ్ర నిర్వహణ పథకం మొదలైంది. అయితే దానికి ముందు ఎంచుకున్నవి గుజరాత్, ఒడిశా, పశ్చిమ బెంగాల్. మన రాష్ట్రం ఆ మూడింటిలో లేదు.

ఇంక మనకూ సముద్రానికీ సంబంధం ఏమిటి? చిత్రావతి పోయి పెన్నాలో కలుస్తుంది. పెన్నా సోమశిల మీదుగా నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏరు నీళ్ళను మాత్రమే మోయదు, ఇసుక, ఒండ్రు కూడా మోస్తుంది. సముద్రం కోసే ఒడ్డును పూడ్చేది ఆ ఇసుకే. ఏటికి అడ్డంగా ఆనకట్టలు కడితే ఒండ్రు వాటి వెనకాలే నిలిచిపోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల అంచులు కోతకు గురి కావడానికి ఇదొక కారణమని శాస్త్రవేత్తలు అంటున్నారు. మనకు ఆనకట్టలు వద్దని నేను అనను, కరువులో ఉన్నవాళ్ళం అట్లా ఎట్లా అంటాం? కానీ పైన ఉన్నవాళ్ళు చేసేది కిందివాళ్ళకు తగులుతుందని తెలిసి ఉండాలి.

మొన్న నాయనకు ఫోన్‌లో ఇదంతా చెప్పినాను. ఆయన అంతా విని, "అందరూ కూర్చునే ఆ చోటికి నన్ను, ఆ అవ్వను కూడా పిలుస్తారా?" అని అడిగినాడు. నా దగ్గర జవాబు లేదు. పిలవకపోతే మాత్రం దానికి సమగ్రం అనే పేరు తగదు.

— 9వ తరగతి విద్యార్థి