క్లిప్పులు పెట్టించుకునే ముందు ఒక లెక్క: వచ్చే రెండేళ్ళు మీరెక్కడ ఉంటారు?

పళ్ళ క్లిప్పుల మీద చేసిన ఎపిసోడ్ తర్వాత వాట్సాప్‌లో చాలా వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. ఎక్కువమంది అడిగినవి ఏరి, జవాబులతో ఇక్కడ రాసి పెడుతున్నా. నేను డాక్టర్‌ని కాదు. షార్జాలో ఒక డెంటల్ క్లినిక్‌లో అసిస్టెంట్‌గా చేస్తున్నా. క్లిప్పులు పెట్టే డాక్టర్ పక్కన నిలబడి సామాను అందించడం, పేషెంట్లకు జాగ్రత్తలు చెప్పడం నా పని. మీ నోరు చూడకుండా మీకేం చేయాలో నేను చెప్పలేను. ఆ కుర్చీలో కూర్చునే ముందు ఏం అడగాలో మాత్రం చెప్పగలను.

అందరూ మొదట అడిగేది ఒకటే: "అక్కా, ఎంతైతది?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "వచ్చే రెండేళ్ళు ఎక్కడుంటారు?" వీసా మీద బతికే మనలాంటివాళ్ళకి డబ్బు లెక్క కన్నా ముందు ఈ లెక్క తేలాలి. ఎందుకో చెప్తా.

"రెండేండ్లు ఎందుకు? ఆరు నెలల్ల కాదా?"

పన్ను గోడలో కొట్టిన మేకులా ఎముకలో దిగి ఉండదు. పంటి వేరుకీ దవడ ఎముకకీ మధ్య సన్నని నారల పొర ఒకటి ఉంటుంది. క్లిప్పు, తీగ కలిసి పంటిని మెల్లగా, ఆపకుండా ఒకవైపు నెడతాయి. నెట్టినవైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది, వెనక ఖాళీ అయినవైపు కొత్త ఎముక పేరుకుంటుంది. పన్ను జరగడం అంటే ఇదే. ఇది నెలకి సుమారు 1 మిల్లీమీటర్ చొప్పున సాగుతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. పళ్ళు బాగా ఎత్తుగా ఉన్నప్పుడు జాగా కోసం తీసే పన్ను వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు. ఆ సందు మూయడానికే ఆరేడు నెలలు కావాలి. దానికి ముందు వంకరలు సరిచేయడానికి కొన్ని నెలలు, చివర్లో పైపళ్ళు, కిందిపళ్ళు సరిగా కూర్చోబెట్టడానికి ఇంకొన్ని నెలలు. అందుకే చాలా కేసులు 18 నుంచి 24 నెలలు పడతాయి. కష్టమైనవి అంతకన్నా ఎక్కువ.

గట్టిగా బిగిస్తే తొందరగా అవుతుందా అంటే, కాదు. బలం ఎక్కువైతే అక్కడ రక్తం ఆడక పన్ను ఇంకా నెమ్మదిగా కదులుతుంది, వేరు అరిగి పొట్టి అయ్యే ప్రమాదమూ ఉంది. "మూడు నెలల్లో పూర్తి చేస్తాం" అని ఎవరైనా చెప్తే, ఏం చేస్తారో, ఏం చేయరో వివరంగా అడగండి.

"లీవుల ఇంటికి పోయినప్పుడు పెట్టిచ్చుకొని వస్త. అక్కడ తక్కువ కదా?"

ఎక్కువమంది ఆలోచన ఇదే. ఊళ్ళో తక్కువకే అవుతుంది, నిజమే. కానీ పెట్టడం మొదటి రోజు పని మాత్రమే. ఆ తర్వాత 4 నుంచి 8 వారాలకోసారి డాక్టర్ చూసి తీగ మార్చాలి, బిగించాలి. మీకు రెండేళ్ళకోసారి లీవు. మధ్యలో ఎవరు చూస్తారు?

ఒకరు మొదలుపెట్టిన కేసు ఇంకొకరు చేతిలోకి తీసుకోవడానికి ఇక్కడ చాలామంది డాక్టర్లు ఇష్టపడరు. తీసుకున్నా మళ్ళీ ఎక్స్‌రేలు, మళ్ళీ ఫీజు. ఎవరూ చూడకుండా క్లిప్పులు నోట్లో వదిలేస్తే పళ్ళు అనుకోని దిక్కుకి జరగొచ్చు, చుట్టూ పాచి పట్టి పుచ్చిపోవచ్చు.

కాబట్టి లీవులో చేయించుకోవాల్సినవి వేరే ఉన్నాయి: పళ్ళు క్లీనింగ్, పుచ్చు పళ్ళకి ఫిల్లింగ్, క్లిప్పులు అవసరమా కాదా అని ఇంకో డాక్టర్ అభిప్రాయం. క్లిప్పులు మాత్రం మీరు ఎక్కడ కుదురుగా ఉంటారో అక్కడే.

"మధ్యలో కంపెనీ వీసా క్యాన్సిల్ చేస్తే?"

ఇది అందరికీ వచ్చే అనుమానం, అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. మొదటి రోజే డాక్టర్‌ని అడగండి: "నేను మధ్యలో వెళ్ళిపోవాల్సి వస్తే ఏం చేస్తారు? ఎంత తిరిగి ఇస్తారు?" జవాబు కాగితం మీద రాయించుకోండి.

డబ్బు మొత్తం ముందే కట్టకండి. నెలనెలా కట్టే పద్ధతి చాలా క్లినిక్‌లలో ఉంది. జరిగిన పనికే డబ్బు పోతే, వెళ్ళే రోజున నష్టం తక్కువ.

వెళ్ళడం ఖాయమైతే ఇవి తీసుకోండి: మొదట్లో తీసిన ఎక్స్‌రేలు, ఫోటోలు, పళ్ళ అచ్చులు లేదా స్కాన్ ఫైలు, ట్రీట్‌మెంట్ ప్లాన్, ఏ రకం బ్రాకెట్లు వాడారో రాసిన కాగితం, కట్టిన డబ్బుల రసీదులు. మొదటి రోజు నోరు ఎలా ఉందో తెలియకుండా కొత్త డాక్టర్ పని కొనసాగించడం కష్టం. ఇవన్నీ ఫోన్‌లో ఒక ఫోల్డర్ చేసి, ఇంట్లోవాళ్ళకి కూడా పంపి ఉంచండి. ఫోన్ పోయినా ఇంకో కాపీ ఉంటుంది.

కొన్ని నెలలు ఏ డాక్టర్ దగ్గరికీ వెళ్ళలేని పరిస్థితి అయితే, వెళ్ళేముందు ఆ సంగతి స్పష్టంగా చెప్పండి. పళ్ళని ఉన్నచోటే నిలిపే తీగ వేయడమో, క్లిప్పులు తీసేసి రిటైనర్ ఇవ్వడమో డాక్టర్ చూస్తారు.

"నాకు 34 ఏండ్లు. ఇప్పుడు సక్కగైతయా?"

అవుతాయి. వయసు అడ్డం కాదు, చిగుళ్ళు అడ్డం. చిగుళ్ళలోంచి రక్తం, పళ్ళు కదలడం ఉంటే ముందు దానికి వైద్యం. ఎముక బలహీనంగా ఉన్నప్పుడు పంటిని నెడితే పన్నే ఊడొచ్చు. సిగరెట్, ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. పెద్దవాళ్ళలో పని కాస్త నెమ్మదిగా సాగొచ్చు. దవడే ముందుకో వెనక్కో ఉన్నప్పుడు ఒక్క క్లిప్పులతో సరిపోక ఆపరేషన్ అడగొచ్చు.

"మంచి పళ్ళు నాలుగు పీకాలంట. పై పన్ను తీస్తే కండ్లు పోతయంటరు?"

పోవు. కంటి నరం వేరు, పంటి నరం వేరు. పన్ను తీస్తే చూపు తగ్గదు.

పళ్ళు అందరికీ తీయరు. దవడలో జాగా చిన్నది, పళ్ళు పెద్దవి అయినప్పుడు, లేదా పళ్ళు బాగా ముందుకు ఎత్తుగా ఉన్నప్పుడు జాగా చేయాలి. పది మంది పట్టే గదిలో పన్నెండు మంచాలు వేస్తే ఎలా ఉంటుందో మనకి తెలియంది కాదు. సాధారణంగా కోరపళ్ళ వెనక ఉండే చిన్న దవడ పళ్ళని, పైన రెండు, కింద రెండు తీస్తారు. తీసేముందు ఎక్స్‌రేలో చూపించి ఎందుకో చెప్పమని అడగండి. అడగడం మీ హక్కు.

"ఏ రకం మంచిది? కనపడనివి కూడా ఉన్నయట."

స్టీలు క్లిప్పులు గట్టివి, ధర తక్కువ. పంటి రంగులో ఉండే సిరామిక్‌వి అంతగా కనపడవు, ధర ఎక్కువ, విరిగే అవకాశమూ ఎక్కువ. వాటి చుట్టూ వేసే రబ్బర్లకి పసుపు, టీ మరకలు పడతాయి. మూడోది అలైనర్లు, అంటే తీసి పెట్టుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులు. ఒక్కో సెట్టు ఒకటి రెండు వారాలు, రోజుకి 22 గంటలు పెట్టుకోవాలి. తినేటప్పుడు, చాయ్ తాగేటప్పుడు తీయాలి, నోరు కడిగి మళ్ళీ పెట్టాలి. సైట్‌లో దుమ్ములో, గంటకో కరక్ చాయ్ తాగుతూ ఇది కుదురుతుందా అనేది మీరే చూసుకోండి. జేబులో పెట్టిన అలైనర్ పంటిని జరపదు.

"నొప్పికి డ్యూటీ చేయగలనా? తిండి ఎట్ల?"

పెట్టినప్పుడు, బిగించినప్పుడల్లా రెండు నుంచి ఐదు రోజులు పళ్ళు సలుపుతాయి. డాక్టర్ వద్దనకపోతే పారాసిటమాల్ చాలు. లీవు పెట్టేంత ఉండదు. బుగ్గకి గీసుకుంటే మైనం ఇస్తారు, తీగ కొన మీద అద్దాలి. మర్నాడు డ్యూటీ తేలికగా ఉండే రోజు చూసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళు నెలకోసారి బయటికి వెళ్ళాల్సి ఉంటుందని మేడమ్‌కి ముందే చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి.

ఊరి నుంచి పార్సిల్‌లో వచ్చే సకినాలు, మురుకులు, చెక్కలు, పల్లీపట్టి ఈ రెండేళ్ళు రూమ్మేట్లకి ఇచ్చేయండి. మటన్ ఎముక కొరకొద్దు, ఐసు నమలొద్దు. ఖర్జూరం గింజ తీసి తినండి, తిన్నాక నోరు కడగండి. ఖుబ్బూస్‌ని చేత్తో తుంచి కూరలో నానబెట్టుకోండి. ఊడిన ప్రతి క్లిప్పూ ఇంకో ట్రిప్పు, ఒక్కోసారి ఇంకో ఫీజు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు కూల్‌డ్రింక్, ఎనర్జీ డ్రింక్. ఎండలో పనిచేసి నోరు ఎండిపోయి ఉన్నప్పుడు అవి తాగితే చక్కెర, ఆమ్లం క్లిప్పుల చుట్టూ నిలుస్తాయి. రెండేళ్ళ తర్వాత క్లిప్పులు తీసేసరికి పళ్ళు వరసగా ఉంటాయి, ఒక్కో పంటి మీద తెల్లమచ్చ కూడా ఉంటుంది. నీళ్ళు తాగండి. ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోముకుని, తీగ కింద సన్న బ్రష్ ఆడించండి.

ఎయిర్‌పోర్ట్‌లో బీప్ వస్తుందా అని చాలామంది అడిగారు. ఆ కొంచెం లోహానికి మామూలుగా రాదు. ఎమ్మారై స్కాన్ తీయాల్సి వస్తే మాత్రం ముందే చెప్పండి.

"ధర ఎట్ల మాట్లాడాలె?"

కంపెనీ ఇచ్చే బేసిక్ ఇన్సూరెన్స్‌లో సాధారణంగా క్లిప్పులకి కవరేజ్ ఉండదు. మొత్తం మన జేబే. అందుకే గోడ మీద రాసిన ఆఫర్ ధర చూసి ఆగిపోకండి. ఇవన్నీ అందులో ఉన్నాయా అని ఒక్కొక్కటీ అడగండి: ఎక్స్‌రేలు, పళ్ళు తీయడం, నెలనెలా విజిట్, ఊడిన క్లిప్పు మళ్ళీ పెట్టడం, చివర్లో రిటైనర్.

ఎవరు చేస్తారో కూడా చూడండి. మన దగ్గర ఆర్థోడాంటిస్ట్ అంటే బీడీఎస్ తర్వాత ఈ విభాగంలోనే మూడేళ్ళు ఎండీఎస్ చదివినవాళ్ళు. ఇక్కడైతే లైసెన్స్‌లో స్పెషలిస్ట్ అని ఉందో లేదో అడగండి. మలేషియాలో లైసెన్స్ లేకుండా ఇలాంటి ఫ్యాషన్ క్లిప్పులు వేసినవాళ్ళకి కోర్టులు శిక్ష వేశాయి. ఇంటర్నెట్‌లో చూసి ముందుపళ్ళ సందుకి రబ్బరు బ్యాండు వేసుకోవడం ఇంకా ప్రమాదం. అది చిగురు లోపలికి జారి, ఎముకని తినేసి, గట్టి పళ్ళనే ఊడగొడుతుంది.

"ఇంటికాడ పాపకి 12 ఏండ్లు. డబ్బులు పంపుత, కానీ ఎవరు చూస్కోవాలె?"

పిల్లలకి ఇది మంచి వయసు. ఎక్కువమందికి 10 నుంచి 14 ఏళ్ళ మధ్య మొదలుపెడతారు. ఏడేళ్ళకే ఒకసారి చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం చెప్తుంది. కింది దవడ ముందుకు రావడం, వేలు చీకే అలవాటు లాంటివి తొందరగా పట్టుకోవచ్చని.

ఇక్కడ కూడా లెక్క అదే: రెండేళ్ళు నెలనెలా పాపని టౌన్‌కి ఎవరు తీసుకెళ్తారు? అమ్మా, తాతయ్యా, మేనమామా? ఆ మనిషి కుదిరాకే డబ్బు పంపండి. హైదరాబాద్, విజయవాడ, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. ఖర్చు తక్కువ, కానీ రద్దీ ఎక్కువ, బస్సు ఛార్జీలూ లెక్కలో వేసుకోవాలి. మొదటి విజిట్ రోజు మీరు వీడియో కాల్‌లో ఉండి డాక్టర్‌తో మాట్లాడండి.

"తీసినంక మళ్ళ వంకరైతయా?"

రిటైనర్ పెట్టుకోకపోతే అవుతాయి. స్లాబ్ పోశాక కాంక్రీటు గట్టిపడకముందే సెంట్రింగ్ విప్పితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. క్లిప్పులు తీసిన రోజున పంటి చుట్టూ ఎముక ఇంకా పచ్చిగానే ఉంటుంది. మొదటి కొన్ని నెలలు డాక్టర్ చెప్పినంతసేపు, ఆ తర్వాత రాత్రిపూట పెట్టుకోవాలి. పళ్ళు వరసగా ఉండాలనుకున్నన్నాళ్ళూ ఇది ఉంటుంది. వేడినీళ్ళలో కడిగితే ప్లాస్టిక్ వంగిపోతుంది. మెస్‌లో టిష్యూలో చుట్టి పక్కన పెడితే చెత్తబుట్టలోకి పోతుంది. డబ్బాలోనే పెట్టండి.

రెండేళ్ళు ఎక్కడుంటారో తెలియనివాళ్ళకి

ఆగండి. ఆగితే తప్పేం లేదు. పెద్దవాళ్ళలో వంకర పళ్ళు ఏడాదిలో కొంప ముంచవు. ఆగకూడనివి పుచ్చు పళ్ళు, చిగుళ్ళ జబ్బు. వాటికి ఈ నెలే వెళ్ళండి. కాంట్రాక్టు రెన్యూవల్ అయ్యాక, రెండేళ్ళ వీసా చేతికొచ్చాక, ఆ వారంలోనే మొదలుపెడితే గడువంతా మీదే. అప్పటిదాకా నెలకి కొంత పక్కన వేసుకుంటే మొదటి కిస్తీకి అప్పు అక్కర్లేదు.

ఇంకా అడగాలనుకున్నవి వాయిస్ మెసేజ్ పెట్టండి. మీ వయసు, ఇబ్బంది, ఏ దేశంలో ఉన్నారు అన్నది చెప్తే చాలు, పేరు అక్కర్లేదు. ఉంటానండి.