ఈమెయిల్ ఎక్కడ ముగుస్తుంది?

ఒక సర్వర్ మరో సర్వర్‌కు మెయిల్ అందిస్తూ, ‘ఇక అయిపోయింది’ అని చెప్పడానికి వాడే గుర్తు 5 బైట్లు: 13, 10, 46, 13, 10. ఇందులో 13 సీఆర్, 10 ఎల్ఎఫ్. ఆ రెండూ వరసగా వస్తే లైన్ ముగిసినట్టు. 46 అంటే చుక్క. ఒక లైన్లో చుక్క ఒక్కటే కనిపిస్తే మెయిల్ పూర్తయినట్టన్నమాట. 1982 నాటి ఎస్ఎమ్‌టీపీ ప్రమాణం నుంచి ఇదే నియమం.

మొదటి 13 లేకుండా 10, 46, 13, 10 మాత్రమే వస్తే అది ముగింపేనా? ప్రమాణం ప్రకారం కాదు. కానీ యూనిక్స్ యంత్రాల్లో లైన్ ముగింపుకు 10 ఒక్కటే వాడతారు. అక్కడ రాసిన ప్రోగ్రాములు 13ను వదిలేయడం మామూలే. పంపేటప్పుడు నిక్కచ్చిగా, అందుకునేటప్పుడు చూసీచూడనట్టు ఉండాలన్నది 1980లో జాన్ పోస్టెల్ పెట్టిన సూత్రం. చాలా సర్వర్లు దాని ప్రకారమే సర్దుకుపోయాయి. మెయిల్ చేరుతోంది కదా, ఇంక ఎవరు పట్టించుకుంటారు?

2023 డిసెంబర్‌లో ఆస్ట్రియా సంస్థ సెక్ కన్సల్ట్ పట్టించుకుంది. అక్కడి పరిశోధకుడు టిమో లాంగిన్ ‘ఎస్ఎమ్‌టీపీ స్మగ్లింగ్’ బయటపెట్టాడు. దాడి చేసేవారు ఒక మెయిల్ మధ్యలో 10, 46, 13, 10 పెట్టి, దాని వెనకే పంపినవారెవరు, అందుకునేవారెవరు అని చెప్పే ఆదేశాలతో రెండో మెయిల్ రాస్తారు. పంపే సర్వర్‌కు అదంతా మామూలు రాత, అలాగే సాగనంపుతుంది. అందుకునే సర్వర్ ఆ 4 బైట్లనే ముగింపు అనుకుంటే, మిగతాది కొత్త మెయిల్ అవుతుంది. అందులో పంపినవారి పేరు ఏదైనా పెట్టొచ్చు. వచ్చింది అసలైన సర్వర్ ఐపీ నుంచే కాబట్టి, ఆ సర్వర్‌ను వాడే ఏ డొమైన్ పేరు పెట్టినా, ఆ డొమైన్ తరఫున మెయిల్ పంపే హక్కు ఈ ఐపీకి ఉందా అని చూసే ఎస్‌పీఎఫ్ తనిఖీ పచ్చజెండా ఊపుతుంది.

విడివిడిగా చూస్తే రెండు సర్వర్లూ బాగానే పనిచేస్తున్నట్టుంటాయి. అందుకే తప్పుడు మెయిల్‌ను సర్వర్ తీసుకుందా, తిప్పికొట్టిందా అని చూసి వదిలేస్తే అది పరీక్షే కాదు. ఇటు ఒకటి పంపితే అటు ఎన్ని చేరాయో లెక్కపెట్టాలి. 10, 46, 10 పెట్టి చూడాలి, 13, 46, 13 పెట్టి చూడాలి. ఒకటే చేరినా, 5తో మొదలయ్యే కోడ్‌తో తిరిగొచ్చినా ఫర్వాలేదు. రెండు చేరితే మాత్రం తలుపు తెరిచి ఉన్నట్టే.

లైన్ పొడవునూ ఇలాగే పరీక్షిస్తారు. ముగింపు గుర్తు కాక ఒక లైన్లో 998 బైట్లకు మించకూడదు. తెలుగు దీన్ని తొందరగా దాటేస్తుంది: యూటీఎఫ్-8లో ‘క్రీ’ ఒక్కదానికే 12 బైట్లు. పేరా మొత్తాన్ని ఎన్‌కోడ్ చేయకుండా ఒకే లైన్‌గా పంపితే కొన్ని సర్వర్లు మధ్యలో తెంపుతాయి. అక్షరం విరిగి ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి, మెయిల్ దారిలో మారలేదని చూపే డీకేఐఎమ్ సంతకం చెల్లకుండా పోతుంది.

ముగింపు గుర్తు విషయంలో, 2024లో వచ్చిన మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ 3.9 మధ్యేమార్గం పట్టింది. మామూలు లైన్లలో 13 లేకపోయినా ఊరుకుంటుంది, చివరి 5 బైట్లు మాత్రం పక్కాగా ఉండాల్సిందే. అయితే సొంత నెట్‌వర్క్‌లోని యంత్రాలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. ఆఫీసు పాత స్కానర్ల నుంచి వచ్చే మెయిల్ ఆగిపోకూడదు కదా! కాబట్టి ఆఫీసులో కూర్చుని పరీక్షిస్తే సర్వర్‌కు రక్షణే లేనట్టు కనిపించవచ్చు. బయటి ఐపీ నుంచి పంపి చూడాలి.